మూత నిండా

మా ఆయన మెడ వెనకభాగాన్ని ఇంతసేపు చూడడం పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి. డ్రైవర్లనీ క్లీనర్లనీ ముందు వరసల్లో, మమ్మల్ని, అంటే వాళ్ళ భార్యల్ని, వెనక వరసల్లో కూర్చోబెట్టారు కాబట్టి చూడడానికి మెడలు తప్ప ఇంకేమీ లేవు. పద్నాలుగు మెడలు. అందులో పన్నెండు అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఒకటి నిద్రలో వాలిపోయింది, ఒకటి మాత్రం గోడకి కొట్టిన మేకులా కదలకుండా ఉంది. అది మాది. రేకుల హాలు, పైన ఒకే ఒక్క ఫ్యాను, అదీ క్లాసు చెప్పే ఆయన నెత్తి మీద. పెదబొడ్డేపల్లి రోడ్డు మీంచి ఎక్కడో జీడిపిక్కలు కాలుస్తున్న ఘాటు వాసన కిటికీలోంచి వచ్చి గొంతులో కూర్చుంటోంది. గోడకి కట్టిన బ్యానరు మీద ‘మద్యం, మత్తు పదార్థాల పరీక్షలపై డ్రైవర్లకు అవగాహన శిక్షణ’ అని పెద్ద అక్షరాలు, కింద ‘కుటుంబ సభ్యులతో సహా’ అని చిన్న అక్షరాలు, ఇడ్లీతో పాటు చట్నీ కూడా ఇస్తాం అన్నట్టు. ఆ చట్నీని నేనే. లేతనీలం యూనిఫాం చొక్కా పొద్దున్న ఆయనే ఇస్త్రీ చేసుకున్నాడు, తొమ్మిది రోజులుగా డ్యూటీ లేకపోయినా, కాలరు మడత కాగితంలా నిలబడేటట్టు. నేను ఇస్త్రీపెట్టె అందుకోబోతే, “ఒద్దులే, నాను సేసుకుంతాను” అన్నాడు. కోపంగా అని ఉంటే నాకు సుఖంగా ఉండేది. మర్యాదగా అన్నాడు, పక్కింటావిడతో అన్నట్టు.

తొమ్మిది రోజుల క్రితం మంగళవారం. మన్మథరావు గారి ట్రావెల్స్‌కి పదకొండు బస్సులు, నర్సీపట్నం నుంచి నక్కపల్లి అవతల ఫార్మా కంపెనీకి షిఫ్టు మనుషుల్ని దింపి తెస్తాయి. బస్సు తాళం చేతికి రావాలంటే ముందు షెడ్డులో సూపర్వైజరు చిట్టిరాజు పట్టుకున్న మిషన్లోకి గట్టిగా ఊదాలి. సున్నా వస్తే తాళం. ఆ రోజు మా ఆయన తాతాజీ ఊదితే మిషను కూసింది. మళ్ళీ ఊదమన్నారు, వెంటనే ఊదాడు, మళ్ళీ కూసింది. తాళం ఇంకొకడి చేతికి వెళ్ళింది, బస్సు వెళ్ళింది, మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు. ఇది రెండోసారి. మొదటిసారి రెండేళ్ళ క్రితం, అప్పుడు నిజంగానే తాగాడు, తాగానని తనే చెప్పాడు. రెండోసారి దొరికినవాడికి కంపెనీవాళ్ళ రూలు ఇది: భార్యతో కలిసి ఈ క్లాసుకి రావాలి, చివర్లో ఒక కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ‘మద్యం సేవించి విధులకు హాజరైన మాట వాస్తవమే’ అని ఆయన, ‘నా భర్తకు ఈ అలవాటు ఉన్నట్టు నాకు తెలుసు, ఇకపై గమనిస్తూ ఉంటాను’ అని నేను. పెడితే మూడు నెలలు క్లీనరు పని, ఆ తర్వాత మళ్ళీ స్టీరింగు. పెట్టకపోతే ఈ ఉద్యోగం పోవడమే కాదు, పేరు ఆ చుట్టుపక్కల కంపెనీలకి బస్సులు తిప్పేవాళ్ళందరికీ వెళ్ళిపోతుంది. మా ఆయన పెట్టనన్నాడు. “తాగనోడ్ని తాగీసినానని ఎలగ రాసిత్తాను? పోతే పోనీ, నాతవరం లైన్లో ఆటో తోలుకుంతాను” అన్నాడు రాత్రి అన్నం దగ్గర. ఆయనకి పెద్ద బస్సంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. రోడ్డు మీద వేరేవాళ్ళ బస్సు పోతున్నా గేరు మారిన చప్పుడు విని, “ఈడికి క్లచ్చి మీద కాలుంచీడం అలవాటు” అని గొణుక్కునే మనిషి. ఆయన్ని ఆటోలో ఊహించుకుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

నా పక్క కుర్చీలో అప్పలలక్ష్మి. వాళ్ళాయన లచ్చన్న క్లీనరు, ఆ నిద్రపోతున్న మెడ ఆయనదే. ఆవిడ నా మోచేతిని పొడిచి, “ఏటమ్మా రోజారమణీ, మీ ఆయన సంతకం ఎట్టనంతన్నాడంట?” అంది, గుసగుస అనుకుని ఆవిడ వాడే గొంతుతో.

“అవును.”

“ఓలమ్మా, సంతకమే కదేటి, ఎట్టీమను. మా ఆయన రెండుసార్లు ఎట్టీసినాడు. ఇప్పుడు నిద్దట్లో కాగితమిచ్చినా ఎట్టేత్తాడు.”

“మా ఆయన తాగలేదంటున్నాడు.”

“మా ఆయనా అనీవోడు. ఒకసారి బస్సు కింద పడుకుని కూడా అన్నాడు.” ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, తర్వాత నావైపు జాలిగా చూసి, “సదువుకున్నదానివి, నువ్వైనా సెప్పు” అంది.

చదువుకున్నదాన్ని. అది నా ఇంటిపేరులాంటిది ఈ వీధిలో. ఇక్కడి డిగ్రీ కాలేజీలోనే బి.ఎస్సీ. కెమిస్ట్రీ, ఫస్టు క్లాసు. ఆ చదువుతో నేను చేసిన ఘనకార్యాలు మా వంటింట్లో ఉన్నాయి: నిమ్మకాయతో రాగి చెంబు తోమడం, సోడాతో సింకు శుభ్రం చేయడం. స్క్రీను మీద చెడిపోయిన కాలేయం బొమ్మ వచ్చింది, ముందు వరసల్లో ఆ పన్నెండు మెడలూ ఒకేసారి వంగాయి, తమది లోపల సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నట్టు. క్లాసు చెప్పే దయాకర్ బాబు గారు విశాఖపట్నం నుంచి వచ్చారు, చక్కటి మనిషి, ప్రార్థన చేయించేవాళ్ళలాగా మెత్తని గొంతు. “ఇక్కడ ఎవరూ సిగ్గుపడక్కర్లేదండి, ఇది శిక్ష కాదు, శిక్షణ” అంటున్నారు. సిగ్గుపడక్కర్లేదు అని ఎవరైనా అన్నాక పడే సిగ్గు వేరే రకం, అది ముందు లేనిచోట కూడా కొత్తగా మొలుస్తుంది. ఆయన ఇథనాల్ అన్నారు, రక్తం అన్నారు, ఊపిరి అన్నారు, నాకు కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది, స్పిరిటు దీపాలు, నీలం మంట, ఆ తియ్యటి చల్లటి వాసన, మేడం చూడనప్పుడు మూత తీసి వాసన చూసుకునేవాళ్ళం నేనూ నా స్నేహితురాలూ, తల తిరిగినట్టు నటించేవాళ్ళం. ఆ వాసన నాకు తెలుసు. నాకు తెలియదని నేను ఎలా అనగలను. ఎవరు అడిగారు ఇప్పుడు? ఎవరూ అడగలేదు. దయాకర్ బాబు గారు మెదడు బొమ్మ దగ్గరికి వెళ్ళారు.

మా ఆయన మానేసింది రెండేళ్ళ క్రితం, మొదటిసారి మిషను కూసిన వారానికి. మానేస్తున్నానని డప్పు కొట్టలేదు, దండం పెట్టలేదు, ఏ గుడికీ తీసుకెళ్ళలేదు. ఒక సాయంత్రం తిన్నగా ఇంటికొచ్చి కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఎక్కణ్ణించో గుప్పెడు యాలకులు కొనుక్కొచ్చి జేబులో పోసుకున్నాడు. ఆరుగంటలయ్యేసరికి ఒకటి తీసి నోట్లో వేసుకునేవాడు, ఏడింటికి ఇంకొకటి. చేతులు కొంచెం వణికేవి, అన్నంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయేవాడు. నేనేమనుకున్నాను? యాలకులు ఎందుకు నమిలేది? వాసన కప్పడానికి. ఇంకెందుకు? తాగే రోజుల్లో సోంపు, ఇప్పుడు యాలకులు, సరుకు ఖరీదు పెరిగింది అంతే అనుకున్నాను, అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను కూడా, ఎంత బాగా కనిపెట్టానో అని. రాత్రి ఆయన పడుకున్నాక నోటి దగ్గర ముక్కు పెట్టి చూసేదాన్ని. యాలకుల వాసన. జేబులు వెతికేదాన్ని. యాలకుల తొక్కలు. ఏమీ దొరకనివాణ్ణి నమ్మవచ్చని ఎవరూ నాకు నేర్పలేదు, దొరకకుండా చేస్తున్నాడు అనుకోవడమే వచ్చు. ఏడాదిన్నర అలా గడిచింది. ఏడాదిన్నర పాటు ఒక మనిషి ప్రతి సాయంత్రం ఒక్కడే కుస్తీ పట్టాడు, నేను పక్క గదిలో కూర్చుని టికెట్టు కొనని ప్రేక్షకురాలిలా అది బూటకపు కుస్తీ అనుకుంటూ ఉన్నాను.

తర్వాత ఫోను. గోంగూర పచ్చడి చేసే వీడియో మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన, ‘మీ భర్తకు తెలియకుండానే తాగుడు మాన్పించండి, రుచి ఉండదు, వాసన ఉండదు, పాలలో గానీ మజ్జిగలో గానీ పది చుక్కలు’ అన్నాడు. బి.ఎస్సీ. కెమిస్ట్రీ. నా వేలు ఎప్పుడు ఆ బటన్ నొక్కిందో నాకు తెలియదు అనాలని ఉంది. తెలుసు. గోంగూర ఉడుకుతూ ఉండగా నొక్కింది. నాలుగు రోజులకి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది, చిన్న గోధుమరంగు సీసా, పైన పెట్టె మీద ఇంగ్లీషులో చీమకాళ్ళంత అక్షరాలు. అందులో చివరి వరసలో ఆల్కహాలు తొంభై శాతం అని ఉంది. చదివాను. అవును, చదివాను. మూలికల సారం స్పిరిటులోనే తీస్తారు, పది చుక్కలకి ఏమవుతుందిలే అనుకున్నాను, పైగా తాగుడు మాన్పించడానికి తాగుడే పోస్తున్నారా అని మళ్ళీ నవ్వుకున్నాను. నేను జీవితంలో నవ్వుకున్నవన్నీ ఎవరైనా తిరిగి ఇచ్చేస్తే ఇప్పుడు వాటితో ఒక బస్తా నిండుతుంది. చింతపండు డబ్బా వెనక దాచాను. రోజూ ఆయన స్టీలు సీసాలో మజ్జిగ పోసి, అల్లం, కరివేపాకు, ఇంగువ వేసి, పది చుక్కలు లెక్కపెట్టి కలిపేదాన్ని, సీసా అయిపోతే ఇంకోటి తెప్పించి. ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ ఆయన తిన్నగా ఇంటికొచ్చాడు, వణుకు తగ్గింది, బుగ్గలు కాస్త నిండాయి. చూశావా, చుక్కలు పనిచేస్తున్నాయి అనుకున్నాను. అంతకుముందు ఏడాదిన్నర కూడా తిన్నగానే వచ్చాడు కదా అన్న ప్రశ్న ఒక్కసారి కూడా నా గుమ్మం ఎక్కలేదు. ఆయన కష్టం అంతా తీసుకెళ్ళి ఒక గోధుమరంగు సీసాకి కట్టబెట్టాను. మా పిన్ని కూతురికి ఫోన్లో చెప్పాను కూడా, “నీ మరిదికి ఇవ్వు, మా ఆయన్ని నేనే మాన్పించాను” అని. నేనే అన్నాను. ఆ మాటలో ఎంత రుచి ఉందో నాకు ఇంకా నాలిక మీద గుర్తుంది.

చప్పట్లు వినబడ్డాయి. దయాకర్ బాబు గారు ఒక కళ్ళజోడు పైకెత్తి చూపిస్తున్నారు, ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునేలాంటిది. ఇది పెట్టుకుంటే తాగినవాడికి లోకం ఎలా కనిపిస్తుందో అలా కనిపిస్తుందట. నేల మీద తెల్ల టేపు అతికించారు, దాని మీద నడవాలి. చిట్టిరాజు నడిచి తలుపుకి గుద్దుకున్నాడు, అందరూ నవ్వారు. “ఇప్పుడు కుటుంబ సభ్యుల్లోంచి ఒకరు” అన్నారు. అప్పలలక్ష్మి నా వీపు మీద చెయ్యేసి తోసింది. “ఎల్లమ్మా, బేగి ఎల్లు, నానైతే చీర కాలికి తగిలి పడతాను.” వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? కూర్చుంటే ఆ మెడని చూడాలి కాబట్టి. పెట్టుకున్నాను. హాలు ఒక పక్కకి జారింది. టేపు రెండయింది, రెండూ పాముల్లా కదిలాయి, ఏది నిజమైనదో తెలియక మధ్యలో అడుగేశాను, అది నేల కాదేమో అన్నట్టు కాలు లోపలికి పోయింది. అందరూ నవ్వుతున్నారు. తల ఎత్తాను, మొదటి వరసలో ఇద్దరు తాతాజీలు కూర్చుని ఉన్నారు, లేతనీలం చొక్కాలు రెండు, ఇస్త్రీ కాలర్లు రెండు, ఒక మొహం ఇంకో మొహం మీదకి జరిగి మళ్ళీ విడిపోతోంది. వాళ్ళిద్దరూ నవ్వడం లేదు. నేను పడబోతే వాళ్ళిద్దరూ సగం లేచి చెయ్యి చాచారు. “నెమ్మది” అన్నాడు. అది మాత్రం ఒకే గొంతు. నేను కళ్ళజోడు తీసేసి, ఆ చెయ్యి పట్టుకోకుండా, నవ్వు మొహం పెట్టుకుని వెనక్కి వచ్చి కూర్చున్నాను. పట్టుకోవాల్సింది. ఏ మొహంతో పట్టుకుంటాను.

“ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న” అంటున్నారు దయాకర్ బాబు గారు. “తాగకుండా మిషను చూపిస్తుందా? చూపిస్తుందండి. దగ్గు సిరప్పు తాగి వెంటనే ఊదితే చూపిస్తుంది. నోరు పుక్కిలించే మందు, కొన్ని చుక్కల మందులు, వీటిల్లో ఆల్కహాలు ఉంటుంది. అది కడుపులోంచి కాదు, నోట్లో ఉన్న తడిలోంచి వస్తుంది. అందుకే నీళ్ళతో నోరు కడుక్కుని, ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ ఊదాలి. అప్పుడు సున్నా వస్తే ఆ మనిషి తాగనట్టే. వెంటనే రెండోసారి ఊదితే లాభం లేదు.”

చిట్టిరాజు మెడ గోక్కున్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, అవతల బస్సు టైము. మా ఆయన మెడ కదిలింది, అర అంగుళం, ఏదో వింటున్నట్టు. వింటున్నాడు కానీ ఆయనకి దొరకదు. దగ్గు సిరప్పు తాగలేదు, చుక్కల మందు వాడలేదు, పుక్కిలించలేదు. ఆయన చేసిందల్లా బండి మీద ఎదురుగాలికి గొంతెండిపోతుందని షెడ్డు దగ్గర బండి ఆపి, ఊదేముందు రెండు గుక్కల మజ్జిగ తాగడం. ఇంట్లో ఇచ్చిన మజ్జిగ. దాన్ని ఎవరు అనుమానిస్తారు? ఓహో, అదన్నమాట సంగతి, ఇప్పుడు తెలిసింది, నోట్లో తడి, ఇరవై నిమిషాలు, నాకు ఎంత ఆశ్చర్యంగా ఉందో అని నా మనసు నా ముందు ఒక చిన్న నాటకం మొదలుపెట్టింది. కళ్ళు పెద్దవి చేసింది. గుండె మీద చెయ్యేసుకుంది. నేను దాన్ని కాసేపు ఆడనిచ్చాను. పాపం, బాగా ఆడుతోంది.

తెలిసింది ఇప్పుడు కాదు. మంగళవారం తెలిసింది. సోమవారం సాయంత్రం నాతవరంలో మా పెద్దాడపడుచు మనవరాలి ఓణీల ఫంక్షను, మగవాళ్ళంతా షామియానా వెనక చేరారు, అక్కడ ఏం జరుగుతుందో ఆడవాళ్ళందరికీ తెలుసు. మా ఆయన కూడా అరగంట అటు వెళ్ళి యాలకులు నములుతూ వచ్చాడు. నేను ఏమీ అడగలేదు. అడిగితే, వ్యాను బ్యాటరీ దిగిపోతే తోశామని చెప్పేవాడు, తర్వాత వాళ్ళ బావ అదే చెప్పాడు. అడగకుండా, మర్నాడు తెల్లవారకుండా లేచి, పది చుక్కలు చాలవు అనుకుని సీసా మూత తీసి, మూత నిండా పోశాను. ఒకటి. ఆగి, ఇంకొకటి. ఆ వాసన వంటింట్లో లేచింది, కాలేజీ ల్యాబు వాసన, తియ్యగా, చల్లగా. ఇంగువ ఇంకో చిటికెడు వేశాను. రెండు గంటల తర్వాత ఆయన గుమ్మంలో నిలబడి, “ఊదితే కూసింది” అని చెప్పి, స్టీలు సీసా నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళాడు. అందులో సగం మజ్జిగ ఉంది. నేను మూత తీసి వాసన చూశాను. చూసి పారబోశాను. సబ్బుతో కడిగాను. మళ్ళీ కడిగాను. ఎప్పుడూ ఒక్కసారి కడిగే సీసాని ఆ రోజు రెండుసార్లు ఎందుకు కడిగావమ్మా అని ఎవరూ అడగలేదు, చింతపండు డబ్బా వెనకున్నది తీసుకెళ్ళి కందిపప్పు డబ్బాలో అడుక్కి ఎందుకు పాతావని కూడా. చేతులకి అన్నీ తెలుసు. నేను మాత్రం తెలియనట్టు తొమ్మిది రోజులు వంట చేశాను.

అదొక్కటే అయితే ఇంకా ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఆ సాయంత్రం ఆయన నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఇంటర్ చదివే మా అమ్మాయి లోపల ఉంది, దానికి వినబడకుండా, “రోజా, నాను తాగనేదు. నువ్వు నమ్ముతావా?” అని అడిగాడు. ఆయన నన్ను అలాంటి ప్రశ్న అడగడం అదే మొదలు, మా పెళ్ళిచూపుల్లో కూడా నచ్చానా అని అడగలేదు. నేను చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాను. తల ఎత్తకుండా, “మిషను అబద్ధం చెబుతుందా?” అన్నాను. రెండుసార్లు కడిగిన చేతులతో చిక్కుడుకాయలు తుంచుతూ. “సెప్పదు” అన్నాడు. లేచి వెళ్ళాడు. తర్వాత అమ్మాయి వచ్చి, “నాన్న మళ్ళీ మొదలెట్టాడా?” అంటే, కొంగుతో మొహం తుడుచుకున్నాను, అది చూసి దానికి కావలసిన జవాబు అది తీసుకుంది. ఆ రోజునుంచి తండ్రి ఎదురైతే పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంటోంది. అబీద్ సెంటర్లో టీ కొట్టు దగ్గర ఎవరో, “ఏటి తాతాజీ, కూత పెట్టించీసావంట” అన్నారని టీకి వెళ్ళడం మానేశాడు. ఆరుగంటలయ్యేసరికి ఇంట్లోనే ఒక మూల కూర్చుంటాడు. నిన్న చూశాను, అరచేతిలో యాలకులు పోసుకుని చాలాసేపు చూసి, నోట్లో వేసుకోకుండా మళ్ళీ జేబులో పోసుకున్నాడు. ఇంక ఎవరికోసం అన్నట్టు. ఇవాళ సాయంత్రం ఆ చెయ్యి దేనికి వెళుతుందో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ లేనిపోని భయం పెట్టుకున్నదాన్ని, మొదటిసారి ఉన్న భయం పెట్టుకున్నాను.

కాగితాలు వచ్చాయి. చిట్టిరాజు వరస వరసకీ తిరిగి పెన్నులు కూడా ఇస్తున్నాడు. అప్పలలక్ష్మి తన కాగితం మీద గబగబా సంతకం చేసి, ముందుకి వంగి లచ్చన్న భుజం తట్టి లేపింది, ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచాడు. మా ఆయన కాగితం చదివాడు. రెండో వైపు తిప్పి అదీ చదివాడు. లేచి వెళ్ళి దయాకర్ బాబు గారి ముందున్న బల్ల మీద పెట్టేశాడు.

“సంతకం పెట్టలేదండి” అన్నారు ఆయన.

“ఎట్టనండి.”

తలుపు దగ్గర నిలబడ్డ మన్మథరావు గారు లోపలికొచ్చారు. “ఒరే తాతాజీ, పదేళ్ళ బట్టి నీ బస్సు గీసుకుపోయినట్టు నాను సూడ్నేదు. ఎట్టరా బాబూ. మూడు నెల్లెంతలో పోతాయి.”

“మూడు నెల్ల గురించి కాదండి. తాగుంటే తాగినాననే అంతాను, అప్పుడు అన్నాను కదండీ. ఇప్పుడు తాగనేదు.”

“మరి మిషనేటి, నీమీద పగ పట్టీసిందా?”

ఎవరో నవ్వారు. మా ఆయన చెవులు రెండూ ఎర్రబడడం వెనకనుంచి కనబడింది. దయాకర్ బాబు గారు మెత్తగా, “అమ్మా, తాతాజీ గారి కుటుంబం ఎవరండి? మీరు కాస్త చెప్పండి” అన్నారు. అప్పలలక్ష్మి మళ్ళీ వీపు మీద చెయ్యి వేసింది కానీ ఈసారి తోయక్కరలేకపోయింది. నేను లేచి ఉన్నాను. నా చేతిలో కాగితం ఉంది. ‘నా భర్తకు ఈ అలవాటు ఉన్నట్టు నాకు తెలుసు’. సంతకం చెయ్యడానికి గీత కూడా గీసి ఉంది, ఎంతో సదుపాయంగా. నేను పెట్టేసి, ఇంట్లో ఏడ్చి బతిమాలితే ఆయన కూడా పెడతాడు, నాకోసం పెడతాడు, మూడు నెలలు క్లీనరు పని చేస్తాడు, కందిపప్పు డబ్బా అడుగున ఉన్నది ఎవరికీ తెలియదు. చదువుకున్నది చదువుకున్నదిలాగే ఉంటుంది.

“ఆయన తాగలేదండి” అన్నాను. నా గొంతు నాకు వేరేవాళ్ళదిలా వినిపించింది. “ఆయన మజ్జిగలో నేను కలిపాను.”

“ఏం కలిపారమ్మా?” అన్నారు దయాకర్ బాబు గారు.

“తాగుడు మాన్పించే చుక్కలు. ఫోన్లో తెప్పించాను. అందులో తొంభై పాళ్ళు ఆల్కహాలే. ఆ రోజు రెండు మూతలు పోశాను. ఈయన ఊదేముందు అది తాగుతాడు.”

“ఓలమ్మా” అంది అప్పలలక్ష్మి, నిజంగా గుసగుసగా. తర్వాత హాలంతా ఒక్కసారిగా మాట్లాడింది, నవ్వింది, ఎవరో ఈల కూడా వేశారు. మన్మథరావు గారు కుర్చీ లాక్కుని కూర్చుండిపోయారు. దయాకర్ బాబు గారు చెయ్యెత్తి అందర్నీ ఆపి, పెన్ను తీసి, “ఆయనకి తెలుసా ఈ సంగతి?” అని అడిగారు.

“తెలియదు. ఇప్పుడే.”

“ఆ సీసా ఉందా?”

“ఉంది. తెచ్చిస్తాను.”

“తేవాలి. మీరు ఇదంతా రాసి ఇవ్వండి, నేను కంపెనీకి పంపుతాను. తాతాజీ గారి మీద రాసింది కొట్టించేస్తాం.” అని ఆగి, నా వైపు చూడకుండా, “మంచిపని చేశారమ్మా” అన్నారు. ఆ మాట పట్టుకోవడానికి నాకు ఎక్కడా చోటు లేకపోయింది. మన్మథరావు గారు, “రేపు మూడో నంబరు బస్సు నువ్వే తియ్యరా” అన్నారు. చిట్టిరాజు మా ఆయన భుజం తట్టాడు. లచ్చన్న నిద్ర లేచి, ఏం జరిగిందని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. అంతా అయిపోయింది, ఇంత తేలిక అని తెలిస్తే మొదటి రోజే చేసేదాన్ని అనుకోబోయి, ఆగిపోయాను, ఎందుకంటే మా ఆయన వెనక్కి తిరిగాడు.

ఇంతసేపు మెడే చూశాను, మొహానికి సిద్ధపడలేదు. కోపం ఉంటుందనుకున్నాను. లేదు. బస్సు కింద ఏదో చప్పుడు వస్తే చెవి పెట్టి, ఎక్కణ్ణించో అని వెతుకుతున్నప్పటి మొహం అది.

“ఎన్నాళ్ళ బట్టి పోత్తన్నావు?” అన్నాడు.

“ఏడు నెలలు.”

ఆయన తల ఊపాడు. లెక్క చూసుకుంటున్నాడని నాకు తెలిసింది, ఆ ఏడు నెలలకి ముందున్న ఏడాదిన్నర లెక్క అని కూడా తెలిసింది, నేను ఇంతకుముందే ఆ చోటికి వెళ్ళి కూర్చున్నాను కాబట్టి. మిగతావాళ్ళు కుర్చీలు జరుపుకుంటూ లేస్తున్నారు, టీలు వచ్చాయి అంటున్నారు ఎవరో.

“నానే మానీసినానని,” అన్నాడు, మిగతావాళ్ళకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి, “నీకు ఎప్పుడూ, ఒక్కనాడైనా, అనిపించనేదా?”

ఉద్యోగం వచ్చేసింది. మచ్చ పోయింది. ఈ ప్రశ్నకి జవాబు ఏ కాగితం మీదా రాయక్కరలేదు, ఎవరూ కంపెనీకి పంపరు. అనిపించింది అంటే చాలు. ఒక్కనాడు అనిపించింది అంటే చాలు, నమ్ముతాడు, ఆయన నమ్మే మనిషి. నా నోటిదాకా వచ్చింది.

“లేదు” అన్నాను.

“సరే” అన్నాడు ఆయన, మెల్లిగా, నేను ఎప్పటినుంచో చెప్పవలసిన మాట ఏదో చివరికి చెప్పినట్టు, వెళ్ళి టీ తెచ్చుకోవడానికి వరసలో నిలబడ్డాడు. ఒకటే గ్లాసు తెచ్చుకున్నాడు.